వెనక ఇరవై వరుసలు ఎక్కువ

మొన్నటి చలికాలంలో ఒక ఆదివారం పొద్దున మా తమ్ముని బిడ్డ శ్రావణి వచ్చింది. చెప్పులు విప్పీ విప్పకముందే సంచిలోంచి కొలతల టేపు తీసి మెళ్ళో వేసుకుని, ల్యాప్‌టాప్ తెరిచి బల్ల మీద పెట్టి, "అత్తా, జర నిలబడు. నీకు స్వెటర్ అల్లుతున్న" అన్నది. ఈ పిల్ల వీడియోలు చూసి అల్లిక నేర్చుకున్నదని విన్నాను గానీ ఇంత దూరం వచ్చిందని తెలియదు. తెర మీద ఒక స్వెటర్ బొమ్మ. కొలత కొట్టగానే బొమ్మకు ఛాతీ పెరుగుతుంది, చేతులు సాగుతాయి, ఎన్ని కుట్లు ఎత్తుకోవాలో పక్కన అంకెలు గిర్రున మారిపోతాయి. నేను చిన్నపిల్లలాగా చప్పట్లు కొట్టాను. అది నన్ను అటు తిప్పి ఇటు తిప్పి కొలిచింది. ముందు మెడ నుంచి నడుము దాకా, వెనక మెడ నుంచి నడుము దాకా. వెనక ఇంకోసారి కొలిచి, "అత్తా, ముందుకన్నా ఎనక రెండంగుళాలు ఎక్కువొస్తుంది" అన్నది. "లెక్క తప్పు. సక్కగ కొలువు" అన్నాను విసురుగా. అన్నాక నేనే ఉలిక్కిపడ్డాను. అదే మాట, అదే విసురు, ఎన్నో ఏళ్ళ కింద నిర్మల్‌లో మా ఇంటి అరుగు మీద మా లస్మత్త నా మీద విసిరింది. శ్రావణిని కూర్చోమని చెప్పి, చాయ్ పెట్టే వంకతో వంటింట్లోకి పోయాను.

లస్మత్త మా బాపుకు చెల్లెలు. సిరిసిల్ల దిక్కు ఇచ్చారు. పెళ్ళయిన మూడేళ్ళకే మామయ్య పోతే ఒక రేకు పెట్టె పట్టుకుని అన్న ఇంటికి వచ్చింది. నాకు బుద్ధి తెలిసేసరికి ఆమె మా ఇంట్లోనే ఉన్నది. మాది నేత ఇల్లు. ముందు గదిలో బాపు గుంట మగ్గం, దాని పక్కన నన్ను కన్న అవ్వ రాట్నం, వెనక పెరట్లో పడుగుకు పట్టించే గంజి కుండ. పొద్దున లేస్తే ముక్కుకు మొదట తగిలేది ఆ పులిసిన గంజి వాసన, దాని వెనకే చాయ్ వాసన. అత్త మాత్రం మగ్గం జోలికి పోలేదు. మహిళా మండలిలో ఒక మరాఠీ టీచరమ్మ దగ్గర స్వెటర్లు అల్లడం నేర్చుకున్నది. అందుకే ఆమె నోట కుట్టు అనే మాట ఉండేది కాదు, ఎప్పుడూ టాకాలే. అరుగు మీద ఎండ ఎక్కడ పడితే అక్కడికి గోనె సంచి జరుపుకుంటూ, వేపాకులు వేసి దాచిన ఊలు ఉండలు ఒళ్ళో పెట్టుకుని, నోరు ఒక దిక్కు, చేతులు ఒక దిక్కు నడిపిస్తుండేది. చలి అంటే మా ఆదిలాబాద్ చలే. గంగాళంలో నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోయేవి. జైనూర్ గుట్టల నుంచి అంగడికి దిగినవాళ్ళు కంబళ్ళలోంచి కళ్ళు మాత్రమే కనబడేటట్టు వచ్చేవాళ్ళు. అటువంటి ఊళ్ళో లస్మత్త స్వెటర్ అంటే ఒక పేరు.

ఆమెకు టేపు లేదు. టేపు ఎందుకు అనేది. మనిషి వాకిట్లో నిలబడితే ఒక్కసారి పైనుంచి కిందికి చూసేది, అంతే. "నూట రెండు టాకాలు. ఎడమ చెయ్యి ఏలెడు పొట్టి" అనేది. ఒకసారి బడి సార్‌తో ఎదురుగానే అట్లా అంటే ఆయన చిన్నబుచ్చుకుని ఇంటికి పోయి కొలుచుకున్నాడట. మర్నాడు వచ్చి, "ఏలెడు కాదమ్మా, ముప్పావు ఏలు" అని ఒప్పుకున్నాడు. అత్త ఆ ముప్పావు ఏలు ముచ్చట ఏడాది పొడుగూ చెప్పి నవ్వింది. ఇంటికి ఎవరొచ్చినా ముందు వాళ్ళ భుజాలు చూసేది, తర్వాతే ముఖం. నాకు సిగ్గయ్యేది గానీ లోపల ఎంత గొప్పో. మా అత్త చూసి చెప్పింది తప్పు పోయిన రోజు నేను చూడలేదు.

అటువంటి కళ్ళు పోయాయి. ఒక్కసారి పోలేదు. ముందు రంగులు కలిసిపోయాయి, తర్వాత పక్కల నుంచి మసక కమ్ముకొచ్చింది. కరీంనగర్ తీసుకుపోతే డాక్టరు కంటి నరం ఎండిపోయిందని, కోత పెట్టినా లాభం లేదని చెప్పాడు. బస్సులో తిరిగొచ్చేటప్పుడు అత్త ఏడవలేదు. "సేతులు ఉన్నయ్ గద" అన్నది. నిజమే, ఆమె వేళ్ళకు కళ్ళ అవసరం ఎన్నడూ లేదు. కానీ మనిషిని చూడలేకపోతే ఎన్ని టాకాలు ఎత్తుకోవాలో ఎట్లా తెలుస్తుంది? టేపుతో కొలిచి చెబితే ఆ అంగుళాలను ఏం చేసుకోవాలో ఆమెకు తెలియదు. ఒకటి రెండు స్వెటర్లు గుడ్డిగా అంచనా వేసి అల్లితే ఒకటి బిగుతైంది, ఒకటి చంక కింద ముద్దయింది. వచ్చేవాళ్ళు రావడం మానేశారు. అత్త అరుగు మీద అట్లాగే కూర్చునేది, ఒళ్ళో ఏమీ ఉండేది కాదు. "అన్న ఇంట్ల ఊకె కూసోని తింటున్న" అని ఒకనాడు అవ్వతో అంటుంటే విన్నాను. అవ్వ కోప్పడింది. అత్త మళ్ళీ అనలేదు. ఆ రోజు నుంచి ఒక రొట్టె తక్కువ తినడం మొదలుపెట్టింది.

అదే ఏడాది మా ఊరికి కంప్యూటర్ వచ్చింది! బజారులో కొయ్యబొమ్మలకు రంగులేసే దుకాణం ఉండేది, దాని మీది అంతస్తులో పెట్టారు. మెట్లెక్కుతుంటే రంగుల వాసన తల తిరిగేటట్టు వచ్చేది. పైన చెప్పులు విడవాలి, తెరలు వేసి ఉంటాయి, గది చల్లగా ఉంటుంది, అందరూ గుసగుసగా మాట్లాడతారు. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు. మొదటిసారి నా పేరు కొట్టి అది తెర నిండా వందసార్లు జరజరా దిగుతుంటే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. డిగ్రీలో లెక్కలు చదివి ఇంట్లో కండెలు చుడుతున్న దాన్ని, నాకు అదొక పిచ్చిలాగా పట్టుకున్నది. అక్కడ కోర్సులో చేరాను. నేర్పే సార్ మంచివాడు గానీ మార్కుల పట్టిక చెయ్యి, వడ్డీ లెక్క చెయ్యి అని ప్రాణం తీసేవాడు. చివరికి పరీక్ష కోసం ఎవరికి తోచిన ప్రోగ్రాం వాళ్ళు రాయమన్నాడు. నేను రెండు రోజులు గోళ్ళు కొరుక్కున్నాను. మూడో రోజు పొద్దున పళ్ళు తోముకుంటుంటే అరుగు మీద అత్త కనబడింది. ఆమె ఎప్పుడు కొత్త ఊలు తెచ్చినా ముందు నాలుగు వేళ్ళ ముక్క అల్లి, వేలితో టాకాలు లెక్కపెట్టేది. అంగుళానికి ఎన్ని టాకాలు, ఎన్ని వరుసలు తెలిస్తే మిగతాదంతా హెచ్చవేతలే కదా! ఆమె చూపు ఇన్నేళ్ళు చేసింది ఈ హెచ్చవేతలే కదా! నోట్లో పళ్ళపొడి ఉండగానే ఆమె దగ్గరికి ఉరికాను.

అత్త నుంచి లెక్క రాబట్టడం మాత్రం చచ్చే చావయింది. "చంక కాడ ఎన్ని తగ్గిస్తవ్ అత్తా?" అంటే, "సూస్తె తెలుస్తది గద కోడలా" అనేది. మెడ ఎంత వదలాలి? "తల పట్టేటంత." ఎవరి తల? "ఎవలిదైతే వాళ్ళది! గిదేం సదువే నీది?" చివరికి ఒక ఉపాయం చేశాను. నేను పేర్లు చెబుతాను, ఆ మనిషిని మనసులో చూసుకుని టాకాలు చెప్పమన్నాను. బడి సార్, ఖానాపూర్ పటేలమ్మ, మా అవ్వ, పోస్టు మనిషి. ఆమె కళ్ళు మూసుకుని టకటక చెప్పింది. ఆ మనుషుల వెంటపడి టేపుతో కొలిచి, పక్కన అత్త చెప్పిన టాకాలు రాసుకున్నాను. ఖానాపూర్ పటేలమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. నోటుబుక్కు నిండేసరికి సూత్రాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. చంక దగ్గర తగ్గేది ఎప్పుడూ పన్నెండో వంతు, మెడకు వదిలేది ఇంచుమించు మూడో వంతు. ఆమె అంచనా అనుకున్నది అంచనా కాదు, గట్టి లెక్క! చెబితే అత్త కూడా ఆశ్చర్యపడింది. "గట్లనా? నేను గట్ల జేసిన్నా?" అని రెండుసార్లు అడిగింది.

తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లోనే, కానీ మాటలు మావి పెట్టాను. ఛాతి ఎంత? చెయ్యి ఎంత? ఊలు ముక్కలో టాకాలెన్ని? సార్ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు గానీ ప్రింటర్ దగ్గర తానే నిలబడ్డాడు. అది కీచుమంటూ ఇటూ అటూ తిరుగుతూ, రెండు పక్కలా చిల్లులున్న కాగితం మీద వరుస తర్వాత వరుస కక్కుతుంటే నాకు కాళ్ళు నిలవలేదు. మొదటి స్వెటర్ అన్నకే అల్లుతానని అత్త పంతం పట్టింది. బాపు మగ్గం దిగకపోతే అవ్వే నూలు పోగుతో ఆయన కొలత తీసి ఇచ్చింది. నేను కాగితం చదువుతుంటే అత్త అల్లింది. పది వరుసలకు ఒకసారి పక్కన పెట్టుకున్న దారానికి ముడి వేసుకునేది, లెక్క తప్పకుండా. పన్నెండు రోజులకు స్వెటర్ తయారైంది. అవ్వ ఉతికి దండెం మీద వేసింది. ఎండిన తర్వాత బాపు తొడుక్కున్నాడు. చేతులు మోకాళ్ళు దాటాయి. మా తమ్ముడు కింది నుంచి దూరి బాపు పక్కన మెడలోంచి తల బయటపెట్టాడు. ఇంకా చోటు మిగిలింది. ఇల్లంతా పడీ పడీ నవ్వాము.

అత్త నవ్వలేదు. స్వెటర్ తడిమి చూసి, "కండ్లు పోయినయ్, ఇగ సేతులు గూడ పోయినయ్" అన్నది. సూదులను పాత చీర ముక్కలో చుట్టి, అవ్వ చేతికిచ్చి అటక మీద పెట్టమన్నది. నేను ఎగిరెగిరి పడ్డ ప్రోగ్రాం ఆమెకు మిగిలిన ఆ కాస్త ధీమాను కూడా తీసేసింది. రెండు రోజులు కాగితం ముందేసుకుని కూర్చున్నాను. లెక్కలో తప్పు లేదు. అప్పుడు ఒక్కొక్కరినీ పట్టుకుని అడగడం మొదలుపెట్టాను. అవ్వ తేలిగ్గా, "కొలిసి మీద రెండు వేళ్ళ జాగ ఇడిసిన, ఉతికితే తగ్గదా మరి?" అన్నది. అత్తను అడిగితే, "నువ్వు జెప్పిన దానికి పది టాకాలు ఎక్కువనే ఎత్తుకున్న. తగ్గుతది గద" అన్నది. ఇక నేను? నేత ఇంటి పిల్లను కదా అని మహా తెలివిగా ప్రోగ్రాంలోనే మూడంగుళాలు కలిపి పెట్టాను! మగ్గం బట్ట మొదటి ఉతుక్కు కుంచించుకుపోతుంది. అది మా ఇంట్లో చిన్నపిల్లకు కూడా తెలుసు కాబట్టి ఎవరూ ఎవరికీ చెప్పకుండా ఎవరి వంతు వాళ్ళు వదిలారు. ఊలు అల్లిక తగ్గదు సరికదా, తడిపి దండెం మీద వేస్తే కిందికి జారుతుంది. అత్తకు విడమరిచి చెప్పాను. ఆమె మొదట ఊ కొట్టింది, తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది, తర్వాత భుజాలు ఊగిపోయేటట్టు నవ్వింది. "సేతులు పోలే అయితే" అన్నది. అవ్వను పిలిచి సూదులు దించమన్నది.

ఈసారి కొలత నేనే తీస్తానన్నాను. బాపు తప్పించుకు తిరిగాడు. "ముందట కొలువు సాలు బిడ్డా" అన్నాడు. నేను వింటానా? మగ్గం దగ్గరే పట్టుకుని నిలబెట్టి కొలిచాను. ముందు ఇరవై మూడు, వెనక ఇరవై ఆరు. టేపు చేతిలో పట్టుకుని ఆయన వీపు వంక చూశాను. పన్నెండేళ్ళప్పుడు గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్న మనిషి, అట్లా ముందుకు వంగే ముసలివాడయ్యాడు. రోజూ చూసే వీపు, నేను చూడనే లేదు. "మీ అత్తకు జెప్పకు" అన్నాడు బాపు మెల్లగా. తన రేకు పెట్టె తెరిచి చూపించాడు. అందులో వేపాకుల మధ్య నాలుగు స్వెటర్లు, అత్త కళ్ళు బాగున్నప్పుడు అన్నకు అల్లినవి. ఒక్కటీ తొడుక్కున్న జాడ లేదు. తొడిగితే వెనక లేచి నడుము బయటపడుతుందట. అడిగినప్పుడల్లా పండుగకు దాచుకున్నానని, మగ్గం మీద ఉంటే చలి తెలియదని అంటూ వచ్చాడు. ఊరందరి ముప్పావు ఏలు పట్టిన మా అత్త తన అన్నను మాత్రం కొలవలేదు. ఆమెకు అన్న అంటే పెళ్ళప్పుడు తనను సిరిసిల్లకు బండి పక్కన నడుచుకుంటూ సాగనంపిన ఆ నిటారు మనిషే.

అబద్ధం అంకెలు చదవనా, నిజం అంకెలు చదవనా? అబద్ధం చదివితే ఐదో స్వెటర్ కూడా పెట్టెలోకే పోతుంది. నిజం చదివితే అత్త గుండె ఏమవుతుందో. అరుగు మీద కూర్చుని ముందు భాగం చదివాను, అత్త అల్లింది. వెనక భాగం మొదలుపెట్టి, "ముందట కన్న ఇరవై వరుసలు ఎక్కువ అత్తా" అన్నాను. ఆమె చేతులు ఆగాయి. "ఎందుకు?" అన్నది. "కంప్యూటర్ అట్లనే చెప్పింది." "లెక్క తప్పు. మా అన్న ఈపు సక్కగుంటది. సక్కగ కొలువు" అని విసురుగా కాగితం తోసేసింది. లోపల మగ్గం చప్పుడు ఆగింది. బాపు వచ్చి ఆమె ముందర వీపు తిప్పి కూర్చున్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని తన మెడ వెనక పెట్టాడు. "లెక్క తప్పు గాదు చెల్లె. సూడు" అన్నాడు. అత్త వేళ్ళు మెడ దగ్గర మొదలై, ఎముక ఎముకనూ టాకాలు లెక్కపెట్టినట్టు తడుముతూ కిందికి దిగాయి. గూని మీద ఆగాయి. ఎడమ భుజం ఎక్కి, కుడి భుజానికి పోయి, మళ్ళీ గూని మీదికే వచ్చాయి. "గింత వంగినవా అన్నా" అన్నది. అంతలోనే గొంతు మారింది. "అయితే నా స్వెటర్లు ఎన్నడన్న ఏస్కున్నవా?" బాపు ఆమె చెయ్యి కింద వీపు ముడుచుకున్నాడు. "నాలుగు స్వెటర్లు! దొంగ మొకం! జెప్పడానికి నోరు లేకుండెనా?" అని అదే వీపు మీద అరచేత్తో ఛెళ్ళున ఒక్కటి వేసింది. బాపు నవ్వాడు. అత్త ఏడుస్తూ నవ్వింది. నేను ఏం చేశానో నాకే తెలియదు, కాగితం మాత్రం తడిసింది.

కళ్ళు తుడుచుకున్న మరుక్షణం ఆమె అసలు మనిషి అయిపోయింది. "ఇరవై వరుసలు పూరాగ అల్లితె పక్క అతుకు ఎట్ల కలుస్తది పిచ్చిదానా? ముందు భాగం పొట్టిగుంటది, ఎనకది ఏలాడుతది" అన్నది. నిజమే! నా లెక్కలో అది రానే లేదు. "సాక్సుల మడిమె అల్లినట్టు అల్లాలె. సగం దాంక వొయ్యి ఎనుకకు మర్లి రావాలె, నడుమ ఉబ్బుతది, పక్కలు గట్లనే ఉంటయ్" అని వేళ్ళతో చూపించింది. అటు పది, ఇటు పది. నేను చెప్పులు లేకుండా కంప్యూటర్ సెంటర్‌కు ఉరికాను. ఆ సగం వరుసల కోసం కొత్తగా రాసిన తొమ్మిది లైన్లు నా జన్మలో రాసిన వాటన్నిటికంటే నాకు ఇష్టం. స్వెటర్ పూర్తయింది. ఈసారి ఉతికి చాప మీద పరిచి ఆరబెట్టాము. బాపు తొడుక్కుంటే అత్త లేచి నిలబడి వీపంతా తడిమింది. ఎక్కడా గుంజలేదు, ఎక్కడా లేవలేదు. "ఊ" అన్నది, అంతే. బాపు ఎండలు ముదిరి అవ్వ బలవంతంగా గుంజుకునేదాకా దాన్ని విడవలేదు. ఆ తర్వాత రెండు చలికాలాలు మా అరుగు ఖాళీగా లేదు. నేను కొలిచేదాన్ని, పచ్చ అక్షరాలు లెక్క కట్టేవి, అత్త అల్లేది. బీడీలు చుట్టి మెడ వంగినవాళ్ళు, చిన్నప్పుడు చెయ్యి విరిగి సక్కగా అతకనివాళ్ళు, దుకాణంలో కొన్నది ఏదీ పట్టనివాళ్ళు ముందుగా మా ఇంటికే వచ్చేవాళ్ళు. అత్త రొట్టెలు మళ్ళీ పూరాగా తిన్నది.

చాయ్ పొంగిపోయిన చప్పుడుకు ఈ లోకంలోకి వచ్చాను. ఇప్పుడు ఎంత సుఖం! నోటుబుక్కు లేదు, ఖానాపూర్ పటేలమ్మ వెంట పడక్కర్లేదు, ప్రింటర్ కీచుమనదు. టేపు ముందు నిలబడ్డ మనిషికి ఉండే కష్టం మాత్రం ఎక్కడికీ పోలేదు. ముప్పై ఏళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుని పాఠాలు చెప్పిన దాన్ని, నా వీపు ఇంకా కాలేజీ పిల్లదే అనుకుంటున్నాను. చాయ్ పట్టుకుని వచ్చి, "ఎనక ఎక్కువనే. రాసుకో" అన్నాను శ్రావణితో. అది కొట్టింది. బొమ్మ వీపు మధ్యలో ఎర్రటి సగం వరుసలు ఒకదాని మీద ఒకటి వెలిగాయి, పక్కలు ఎట్లా ఉన్నవి అట్లాగే ఉన్నాయి. అటు ఏడు, ఇటు ఏడు. మా అత్త వేళ్ళతో గాలిలో చూపించిన బొమ్మే అది. నేను తెర వంకే చూస్తుంటే శ్రావణి, "ఈపు వంపు బాగ తెలుస్తదనుకుంటే జర లూజుగ పెడత అత్తా, రెండంగుళాలు కలిపితే కనపడది" అన్నది.

నేను టేపు తీసుకుని దాని మెళ్ళో మళ్ళీ వేశాను. "ఏం కలుపకు బిడ్డా. నేను ఎంతున్ననో గంతే అల్లు" అన్నాను.